గోడవైపు తిరిగిన ఫ్యాను

మా వదిన చేతిలోంచి స్టీరింగు లాగేసింది మీరు ముగ్గురే. మనసు బాగుచేస్తానని బోర్డు పెట్టుకున్న డాక్టరమ్మ ఒకరు. ఒక గదిని చెక్కపలకతో రెండు చేసి ఇద్దరికి అద్దెకిచ్చిన ఇంటాయన ఇంకొకరు. మూడోవాడు పక్క కొట్టాయన, ఆయన సంగతి తర్వాత చెప్తాను. ముందు జరిగింది వినండి. వినడం మీకు బాగా అలవాటే కదా.

వదిన సిటీ బస్సు నడుపుతుంది. నేను, ఆమె ఆడపడుచుని, అదే డిపోలో బ్రేకులు చూసే మెకానిక్కుని. మొన్నటి వానల్లో బడి దగ్గర ఎడమ మలుపులో ఒక సైకిలాయన జారి బస్సు ముందు పడ్డాడు. వదిన బ్రేకు తొక్కింది. చక్రం అతని చెప్పు దగ్గర ఆగింది. చెయ్యి విరిగి బతికిపోయాడు. తప్పు వదినది కాదని డిపో కూడా ఒప్పుకుంది. కానీ వదినకి నిద్ర దూరమైంది. కంచం ముందు కూర్చుని కుడికాలితో నేలని తొక్కేది.

"బ్రేకు బాగానే పడిందే, ఇక తిను," అని నవ్వించబోయేవాడు మా అన్నయ్య. నవ్వేది కాదు.

ఎవరో ఈ డాక్టరమ్మ పేరు చెప్పారు. మందులిచ్చే డాక్టరు కాదు, కూర్చోబెట్టి మాట్లాడించే కౌన్సెలరు.

"డిపోలో తెలిస్తే నా బస్సు పీకేస్తారే," అంది వదిన.

"తెలియకుండా వెళ్దాం. నేనూ వస్తా," అన్నాను.

"నువ్వొస్తే ఆవిడతో తగువు పెట్టుకుంటావ్."

"పెట్టుకోను. చూస్తానంతే."

చూశాను. మెట్లెక్కగానే పక్కపక్కన రెండు తలుపులు. ఒకటి చెవిమిషన్ల కొట్టు, రెండోది డాక్టరమ్మది. లోపల రెండు కుర్చీలు, ‘ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది’ అని గోడకి ఒక అట్ట. మూల స్టూలు మీద టేబుల్ ఫ్యాను గరగరమంటోంది. బయట ఎముకలు కొరికే చలి. పైగా దాని మొహం మనుషుల వైపు లేదు, గోడవైపు ఉంది. గోడకెందుకమ్మా ఉక్కపోత? అడగబోయాను. వదిన నా కాలు తొక్కింది.

అయినా ఉన్నమాట చెప్పాలి. డాక్టరమ్మ పనిమంతురాలే. కొన్ని వారాలకి వదిన కంటినిండా నిద్రపోయింది. "నీ జోకులకే బ్రేకుల్లేవు," అని అన్నయ్యకి చురక వేసింది. మా ఇంట్లో మళ్ళీ నవ్వు వినపడింది.

సరిగ్గా అప్పుడే మేనేజరు పిలిచాడు. "చేతులు వణుకుతున్నాయటగా? కొన్నాళ్ళు ఆఫీసులో కూర్చోమ్మా." వదిన బస్సు ఇంకొకరికి ఇచ్చేశారు.

వదిన చేతులు వణకలేదు. ‘ఆ మలుపులో చెయ్యి వణుకుతుందేమోనని భయం’ అంది, అంతే. ఆ మాట అన్నయ్యకి కూడా చెప్పలేదు. అప్పటిదాకా ఆ గదిలో తప్ప ఎక్కడా అనలేదట.

"నోరు తెరిచినందుకు నాకీ శాస్తి కావల్సిందే," అంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం మానేసింది. నిద్ర మళ్ళీ పోయింది. కాలు మళ్ళీ నేలని తొక్కడం మొదలెట్టింది.

డాక్టరమ్మే మా డిపోకి మాటలు మోస్తోందని నాకు గట్టి అనుమానం. రుజువు కావాలి. అందుకే ఎర వేశాను. వారం వారం వదిన వెళ్ళే వేళకే, ఆమె కుర్చీలోనే నేను కూర్చున్నాను.

"నాకో పాడు అలవాటుందండీ," అన్నాను. "మా డిపోలో అందరూ గడియారం అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నాడు. బస్సులు బయల్దేరే వేళలు చూస్తాడు. ఆయన భోజనం డబ్బాని రోజూ గేర్ ఆయిల్లో ముంచి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాను."

డాక్టరమ్మ నవ్వలేదు. "అలా చేశాక మీకెలా ఉంటుంది?" అంది.

"హాయిగా," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గడియారం డబ్బా మూత తీశాడు. వాసన చూశాడు. మూత పెట్టేశాడు. నా వైపు చూసిన చూపుకి మనిషి మాడిపోవాలి. ఆయనకి ఎప్పట్నుంచో చెముడు. ఈ మధ్య మాత్రం అరవకపోయినా అన్నీ వినపడుతున్నాయి.

దొరికింది దొంగ, అనుకున్నాను. మరుసటి వారం అదే వేళకి డాక్టరమ్మ మీద పడ్డాను.

"మా వదిన బతుకుని డిపోలో ఎవరికి అమ్మావమ్మా?"

"నేనెవరికీ చెప్పలేదండీ. ఒట్టు."

"ముందా ఫ్యాను ఆపు. నా మాట నాకే వినపడట్లేదు."

"వద్దు. దాన్ని ఉండనివ్వండి." ఆవిడ మొహం పాలిపోయింది.

నేనే స్విచ్చి నొక్కాను. గరగర ఆగింది. గోడ మాట్లాడింది.

"ఇప్పుడు వినపడుతోందా సార్? పక్క గదిలో ఎవరో డాక్టరమ్మని తిడుతున్నారు."

"తిడుతోందయ్యా! భలేగా తిడుతోంది!"

గోడకి చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. ఈ గోడకి చెవులు పెట్టి అమ్ముతున్నారు! పక్క తలుపు తోసుకుని వెళ్ళాను. చెక్కకి ఆనించిన కుర్చీలో మా గడియారం, చెవిలో కొత్త మిషను. పక్కగది మాట వినపడితే మిషను సరిపోయినట్టేనట. వారం వారం ఇదే వేళకి కొట్టాయన పెట్టే పరీక్ష అది.

"మీ డబ్బా శుభ్రంగానే ఉంది గడియారం గారూ."

"అయితే నేను వారంరోజులూ వట్టినే పస్తున్నానా?" అన్నాడు. తర్వాత తలదించుకున్నాడు. "ప్రయాణికుల ప్రాణాలు కదమ్మా. విన్నది చెప్పాను."

"సగం విన్నారు. వణుకు మాత్రం గోడ దాటొచ్చింది. భయం అవతలే ఆగిపోయింది."

ఆయన మిషను తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

వెనక డాక్టరమ్మ నిలబడి ఉంది. "మాట దాటుతుందేమోనని నాకూ అనుమానమే. ఇంటాయన గోడ కట్టించనన్నాడు. అందుకే చప్పుడులో మాట కలిసిపోతుందని ఫ్యాను పెట్టాను."

"వచ్చేవాళ్ళకి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు నోరు తెరుస్తారండీ?"

"చెప్పకపోబట్టే మా వదిన మూసేసుకుంది."

ఇంటికెళ్ళి అంతా వదినకి చెప్పాను. "మళ్ళీ మాట్లాడతానే. ఆ గదిలో మాత్రం కాదు. గోడ లేచేదాకా ఆవిడనే డిపోలో ఖాళీగా నిలబెట్టిన నా బస్సులోకి రమ్మను. దాని తలుపులు సరిగ్గా మూసుకుంటాయి," అంది.

కాబట్టి ఇంటాయనా, పైకప్పుదాకా ఇటుక గోడ లేపు. కొట్టాయనా, పక్కవాళ్ళ ఏడుపుతో చెవులు పరీక్షించడం ఇవాళే ఆపు. డాక్టరమ్మా, కొత్తగా వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించకముందే చెప్పు, వాళ్ళ మాట ఎవరి చెవిన పడొచ్చో, ఏ ప్రమాదం ఉంటే నువ్వు బయటికి చెప్పక తప్పదో. విన్నాక ఉంటారో పోతారో వాళ్ళిష్టం. గడియారం గారూ, మేనేజరు ముందు నిలబడి ఆ వాక్యాన్ని భయంతో సహా పూర్తిగా చెప్పండి. మేనేజరు గారూ, విన్నాక ఇంకేం ఆలోచించొద్దు. పక్కన కూర్చుని వదినతో బస్సు నడిపించి చూడండి. చెయ్యి వణక్కపోతే ఆ బస్సు తాళం ఆమె చేతిలో పెట్టండి.