గుప్పిట మూయని చెయ్యి

ప్రతి బుధవారం సాయంత్రం ఆఫీసు వేళ అయిపోగానే, గచ్చిబౌలిలోని ఆ కంపెనీ క్యాంటీన్‌లో బల్లలన్నీ గోడవారకి జరిపి కుర్చీలు మూడు వరసలుగా వేస్తారు. మధ్యాహ్నపు సాంబారు వాసన ఇంకా పోదు. అక్కడే కోరస్ ప్రాక్టీసు. పొద్దుట్నుంచీ మీటింగుల్లో ఒకరి మాట ఒకరు వినకుండా గడిపినవాళ్ళంతా ఇక్కడికొచ్చి, పక్కవాళ్ళ గొంతు వింటూ పాడడం నేర్చుకోవాలి. అంత కష్టమైన పని నేర్పేవాడు మధు.

మధుది సిద్దిపేట దగ్గర పల్లె. పొద్దున లింగంపల్లిలో ఒక బళ్ళో పిల్లలకి సంగీతం చెప్తాడు, తీరిక దొరికితే పాటలు కడతాడు, బుధవారాలు ఈ కోరస్‌కి కండక్టరు. కండక్టరయ్యాడని విని ఊళ్ళో మేనమామ ఏ డిపోలో వేశారని అడిగాడు. చెయ్యి ఊపితే జీతమిస్తారా అని చుట్టాలంతా చాలాకాలం నవ్వుకున్నారు. నవ్వరూ మరి? చెయ్యి లేస్తే పాట మొదలని, అరచెయ్యి తెరిచి ఉన్నంతసేపూ స్వరం సాగుతూనే ఉండాలని, గుప్పిట మూస్తేనే ఆగాలని వాళ్ళకేం తెలుసు? మూసేదాకా ఆగకూడదు. కోరస్‌లో మొదటిరోజు చెప్పే పాఠమిదే. మిగతావాళ్ళు ఆ పాఠం విన్నారు. సౌజన్య పట్టుకుంది.

రెండో వరసలో కిటికీ పక్క కుర్చీ ఆమెది. నంద్యాల పిల్ల, అదే కంపెనీలో టెస్టింగ్ పని. కింది స్వరాలు పాడే నిండు గొంతు. మధు ఆ గొంతుని దృష్టిలో పెట్టుకుని పాటలు కట్టడం మొదలుపెట్టి, ఆఖరికి ఆ గొంతునే పెళ్ళి చేసుకున్నాడు. నార్సింగిలో కిరాయి ఇంట్లో ఎంత అల్లరి చేసినా, ప్రాక్టీసులో మాత్రం మొగుణ్ణి సార్ అనేది. ఆమె చనిపోయి రెండేళ్ళయింది. ప్రాక్టీసు మాత్రం మానలేదు.

మధు చెయ్యి లేపగానే ఆ కుర్చీలోంచి గొంతు వస్తుంది. మనిషి కనపడదు, అంతే. కొత్తగా చేరినవాళ్ళకి అది సౌజన్య మేడమ్ కుర్చీ అని చెప్తే సరేనని పక్కదాంట్లో కూర్చుంటారు. వార్షికోత్సవానికి వచ్చిన మైకులాయన ఆ ఖాళీ కుర్చీ ముందు కూడా ఒక మైకు పెట్టి, ఆమె పొట్టి అని ఎవరో చెప్తే ఎత్తు కాస్త తగ్గించి పోయాడు. ఐడీ కార్డు రద్దయిన ఉద్యోగి కోరస్‌లో పాడవచ్చునా అంటూ పైనుంచి ఒక మెయిలొచ్చింది గానీ, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

ఒక్కటే తేడా. పాట అయిపోయి అందరూ ఆగినా ఆ గొంతు ఆగదు. తర్వాతి పాట మొదలుపెడితే అందులో కలుస్తుంది. ఆఖరి పాట తర్వాత చివరి స్వరాన్ని పట్టుకుని "ఆ" అంటూ సాగుతూనే ఉంటుంది. అందరూ బస్సులకి వెళ్ళిపోయాక మధు ఒక్కడే ఆ కుర్చీకెదురుగా కూర్చుని వింటాడు. సెక్యూరిటీ యాదయ్య తలుపు దగ్గరికొచ్చి, "సార్, ఇగ లైట్లు బంద్ చేయాలె. మేడమ్‌కి రేపు డ్యూటీ లేకపోవచ్చు, మీకు బడుందిగద" అంటాడు. దీపాలు ఆరితే గొంతు వచ్చే బుధవారం దాకా వినపడదు.

ఎందుకు ఆగదో మధుకి తెలుసు. రెండేళ్ళ కిందట ఆ బుధవారం కొత్తగా కట్టిన వాన పాట చెప్తున్నాడు. ఆఖరి స్వరం మీద అందరూ ఉండగా బడి ప్రిన్సిపాల్ నుంచి ఫోనొచ్చింది. పట్టి ఉంచండి అన్నట్టు ఎడమచెయ్యి తెరిచి చూపిస్తూ, నవ్వుతూ వరండాలోకి వెళ్ళాడు. మిగతావాళ్ళు కాసేపు పాడి, నవ్వుకుని, సంచులు సర్దుకున్నారు. సౌజన్య ఆపలేదు. ఫోను ఎంతకీ తెగకపోయేసరికి, నువ్వు మాట్లాడుకో నేను పోతానని సైగ చేసి, నోరు మూసుకుని అదే స్వరం తీస్తూ మెట్లు దిగింది. ప్రతి బుధవారం అతని బండి మీద వెళ్ళే మనిషి ఆ రోజు బైక్ ట్యాక్సీ ఎక్కింది. నార్సింగి మలుపులో నీళ్ళ ట్యాంకరు గుద్దింది.

అప్పట్నుంచీ మధు ప్రతి పాటకీ కుడిచేతి గుప్పిట మూసి అందర్నీ ఆపుతాడు. ఎడమచెయ్యి మాత్రం కిటికీ వైపు తెరిచే ఉంచుతాడు. ఒక్కసారి అటు తిరిగి గుప్పిట మూస్తే ఆమె ఆగుతుంది. ఆగితే ఇక రాదు. అందుకే మూయలేదు.

మొన్న శ్రావణంలో ఒక బుధవారం, పక్క కుర్చీ పుణ్యవతి సంచీ భుజాన వేసుకుని కూడా వెళ్ళకుండా నిలబడింది.

"మధు గారూ, ఒక మాట చెప్పనాండీ? కోప్పడకూడదు."

"చెప్పమ్మా."

"పొడుగు స్వరాలప్పుడు మమ్మల్ని జంటలుగా పెట్టారు కదండీ. ఊపిరి కావాలంటే పక్కమనిషి మోచెయ్యి తాకాలి, రెండోవాళ్ళు స్వరం మోయాలి. మా జంట తనూ నేనూనండీ. ఈ రెండేళ్ళలో తను నన్ను ఒక్కసారీ తాకలేదు. తాకడానికి చెయ్యేదండీ పాపం? తను ఇంతవరకూ ఊపిరి తీసుకోలేదండీ."

మధు ముఖం మాడ్చుకున్నాడు. "నువ్వు నీ లైన్ చూసుకో. వచ్చే వారం నుంచి మూడో వరసల కూసో" అన్నాడు. పుణ్యవతి మూడో వరసలోకి మారింది, మళ్ళీ ఆ మాటెత్తలేదు.

కానీ విన్న మాట చెవిలోంచి పోతుందా? తర్వాతి బుధవారం ఆ గొంతు అంచుల్లో వణకడం మధుకి వినిపించింది. ఆ పై వారం స్వరం నూలుపోగంత కిందికి జారింది. ఒక్కనాడూ శ్రుతి తప్పని సౌజన్య. సంగీతం చెప్పేవాడు చేయకూడని పని అప్పుడు చేశాడు మధు. శ్రుతి జారిన ఒక్క గొంతుని వదిలేసి, సరిగ్గా పాడుతున్నవాళ్ళందరినీ "పైకి పోతున్నరు, జర కిందికి రండి" అని కసిరాడు. పాటలన్నీ కొంచెం కొంచెంగా కిందికి దించుకుంటూ వచ్చాడు, ఆమె జారడం ఎవరికీ తెలియకుండా. దసరా దాటేసరికి మగవాళ్ళకి అడుగు స్వరాలు అందక గొంతులు గరగరలాడాయి. తమ మనిషే అయితే తామూ అంతే చేసేవాళ్ళమని సర్దుకున్నారేమో.

కార్తీకంలో సౌజన్య తల్లి పార్వతమ్మ వచ్చింది. నెలకోసారి నంద్యాల నుంచి రైల్లో వచ్చి, ప్రాక్టీసులో మూలన కూర్చుని కూతురి గొంతు విని వెళ్తుంది. ఈసారి మోకాళ్ళ నొప్పులతో మూడు నెలలు రాలేకపోయింది. మొదటి పాట సగంలోనే లేచి, వరసల మధ్య నుంచి నడిచి మధు దగ్గరికొచ్చింది. మధు పాట ఆపాడు. కిటికీ పక్కన సన్నగా "ఆ" మాత్రం మిగిలింది.

"నాయనా, పాప ఎగపోస్తాంది" అంది పార్వతమ్మ.

"లేదత్తమ్మా. జర అలసటగుంది, అంతే."

"నాకు చెప్తావా? చిన్నప్పుడు దానికి ఆయాసం. తెల్లార్లూ ఒళ్ళో ఏసుకోని కూసున్న దాన్ని నేను. ఆ సద్దు నాకు తెల్దా? నువ్వు ఆపమంటే ఆపుతాది. నీ మాట తప్ప ఎవరి మాటా వినదు ఆ పిల్ల."

"ఆపమంటే పోతది అత్తమ్మా."

"పోతాది."

"మల్ల నాకేముంటది?"

"నాకేముంటాదో నీకూ అంతే నాయనా."

మధు పుణ్యవతిని పాత చోటికి పిలిచాడు. వాన పాట పాడదామన్నాడు. రెండేళ్ళుగా ఆ పాట ఎవరి నోటా రాలేదు. శ్రుతి ఎంతలో అని ఎవరో అడిగారు. "కట్టినప్పుడు ఎంతుందో అంతే" అన్నాడు.

చెయ్యి లేచింది. ముప్ఫై గొంతులు ఒక్కసారిగా తమ ఎత్తుకి చేరాయి. సౌజన్య గొంతు మొదటి మాట దగ్గర తడబడింది. రెండో చరణానికి ఆయాసపడుతూనే పైకి ఎక్కింది. ఎక్కి, నిలిచింది. రాళ్ళ మీద వాన, గడ్డి మీద వాన, ఎక్కడా ఒక్క స్వరం తప్పలేదు. మధు కళ్ళు ఆ కుర్చీ మీదే ఉన్నాయి. ఆఖరి స్వరం వచ్చింది. అందరూ అతని చేతుల్ని చూస్తున్నారు. ఇంకాసేపు, ఇంకొక్కక్షణం అని మనసు బతిమాలింది. ఆ ఒక్కక్షణమే కదా రెండేళ్ళుగా అడుగుతున్నది అనుకున్నాడు. కుడిచేత్తో పాటు ఎడమచెయ్యి కూడా కిటికీ వైపు తిప్పి గుప్పిట మూశాడు.

అందరితో పాటు ఆమె ఆగింది.

ఆ నిశ్శబ్దంలో కిటికీ పక్క కుర్చీలోంచి ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. పొడుగ్గా, గుండె నిండా, నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషి తీసుకున్నట్టు. పుణ్యవతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఊపిరి తీసుకున్న మనిషి తర్వాత ఏదో ఒకటి అంటుంది కదా. సార్ అనో, మధూ అనో. మధు ముందుకి వంగి ఎదురుచూశాడు. పార్వతమ్మా ఎదురుచూసింది. ఏమీ రాలేదు.

మధు తిరిగి పార్వతమ్మ దగ్గరికి వచ్చాడు. గుప్పిళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

"అత్తమ్మా" అన్నాడు. "సౌజన్య పోయింది."

రెండేళ్ళ కిందట ఆ ఒంటికి తన చేతులతో నీళ్ళు పోసి, పసుపు రాసి పంపిన పార్వతమ్మ, ఆ కబురు అప్పుడే విన్నదానిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అల్లుడి భుజం పట్టుకుని ఏడ్చింది.