అక్క తోటలో ఎర డబ్బా

ఆఫీసులో అందరూ ఆమెను ఈగలమ్మ అనేవారు. మొదట్లో వెనకాల, తర్వాత మొహమ్మీదే. పండు ఈగ అని ఒకటుంది. జామకాయలో గుడ్లు పెట్టి, కాయను లోపల్నుంచి కుళ్ళబెడుతుంది. ఏటేటా చలి తగ్గిపోతుంటే ఆ ఈగ ఏ కొండ ఎప్పుడెక్కుతుందో ముందుగా చెప్పే మ్యాపు గీయడం ఆమె పని. ఈగ వచ్చేచోట ఎరుపు, రానిచోట పచ్చ. జీతం పుచ్చుకుని చెడ్డకబుర్లు మోసే ఉద్యోగం. మోసి మోసి ఆమె అలిసిపోయింది.

ఒక్క కొండ మాత్రం ఆమె లెక్కకు లొంగలేదు. ఇప్పటి చలికాలాల తీరు చూస్తే ఈగ అక్కడికి ఎప్పుడో చేరాలి. కానీ అక్కడ అక్క జామతోటలో ఈగలు పడేందుకు తాను కట్టిన ఎర డబ్బా వెళ్ళి చూసిన ప్రతిసారీ ఖాళీయే. ఆ కొండమీద ఉన్నది ఆ ఒక్క డబ్బాయే. కళ్ళతో చూసినదాన్ని కాదంటామా? ఆమె లెక్కనే సర్దుకుని కొండకు పచ్చరంగు వేసింది. ఆ పచ్చ చూసుకునే బావ తోట పైనున్న నేలచెక్కలో కొత్త జామమొక్కలకు గుంతలు తీయించాడు. అదే ఎరుపైతే పైఆఫీసువాళ్ళు మొక్క నాటనివ్వరు, కాయను కొండ దిగనివ్వరు.

కొత్త మ్యాపు పైఆఫీసుకు పంపేముందు చివరిసారి డబ్బా చూద్దామని బయల్దేరింది. రేపు వస్తానని చెప్పి, పని తెమలడంతో ఈరోజే బస్సెక్కేసింది. అక్క ఇంట్లో ఎవరూ లేరు. తోటలోకి నడిచింది. అక్క చెత్తగుంట దగ్గర ఎర డబ్బాను బోర్లించి టకటకా కొడుతోంది. చచ్చిన ఈగలు జలజలా రాలుతున్నాయి.

“రేపు కదే వస్తానన్నావు!” అంది అక్క ఉలిక్కిపడి.

“ఏం చేస్తున్నావక్కా?”

“కనబడట్లా? కడుగుతున్నా. చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమూ? నీతోపాటు ఒక్కోసారి ఆఫీసువాళ్ళూ వస్తారాయె. చెల్లెలిది ఈగల చదువు, అక్క తోట ఈగల సంత అనుకోరూ?”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు కట్టినప్పట్నుంచీ.”

ఈగలమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. కోపం రావాలి గానీ, దానికీ ఓపిక ఉండాలిగా! అయినా అక్కను ఏమని తిడుతుంది? ఈగలున్నాయా అని తాను ఒక్కసారైనా నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. ఒక్క కొండైనా పచ్చగా మిగలాలని ఆమెకు ఆశ. ఆ ఆశే కళ్ళకు గంతలు కట్టింది.

“కడక్కూడదక్కా. అందులో పడ్డవాటిని చూసే నేను రంగు వేసేది.”

అక్క చేతులు ఆగిపోయాయి. “అంటే, మన తోట?”

“ఎరుపే. కొండంతా ఎరుపే.”

“మరి మీ బావ తీయించిన గుంతలు?”

ఈగలమ్మ తల అడ్డంగా ఊపింది.

అక్క గొంతు తగ్గించింది. “ఎలాగూ దులిపేశాగా. ఈసారికి ఖాళీ అనే రాసుకో. అబద్ధం ఆడినట్టు కూడా కాదు.”

ఈ మధ్యకాలంలో అంత హాయైన మాట ఆమె చెవిన పడలేదు. అయినా సంచిలోంచి సీసా తీసి, చెత్తలోని ఈగల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

అక్క చూసి చూసి, “నీ మొండితనం పాడుగాను,” అంటూ ఎదురుగా చతికిలబడింది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఇద్దరూ ఏరారు. వెలుతురు తగ్గుతుంటే ఆమె సీసాకు మూత పెట్టబోయింది.

“ఆగవే,” అంది అక్క. పనికని చీరమీద తొడుక్కున్న చొక్కా చేతిమడతలో ఇరుక్కున్న ఈగను గోటితో తీసి సీసాలో వేసింది. “ఇదీ మన తోటదే.”