మీరు మార్చిన వాక్యం

మీరిద్దరే. ఇంకెవరూ కాదు. జగన్నాథరావు గారూ, మీరు. విద్యాసాగర్ గారూ, మీరు. ఒకరు నాకు పై అధికారి, ఒకరు నాకు మొగుడు. ఇద్దరూ కలిసి నేను రాసిన పరిశోధన పేపర్‌ని కాజేశారు. కాజేసి ఊరుకున్నా సరిపోయేది. ఆ ఇంట్లోగానీ ఆ కాలేజీలోగానీ నాది అన్నది ఏదీ నా చేతిలో నిలిచింది లేదు, దీన్నీ అందులో కలుపుకుని ఏడ్చేదాన్ని. మీరు అక్కడితో ఆగలేదు. దాన్ని తిరగేసి ఆ ఆడపిల్లల మొహాన కొట్టారు. మర్యాదగా, మెత్తగా రాయడం నాకు చేతకాదు, నేర్చుకునే ఓపికా లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. అందరూ చదవండి, మీరూ చదవండి.

నా పేరు రాగిణి. నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను, కాంట్రాక్టు మీద. ఏటా ఎండలు మొదలయ్యేసరికి మళ్ళీ తీసుకుంటారో లేదో అని మా హెడ్డు జగన్నాథరావు గారి మొహం వైపు చూస్తూ బతకాలి. ఉండేది చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, అత్తగారింట్లో. నా దగ్గర చదువుకున్న మహేశ్వరి అనే అమ్మాయి జనగామ పక్క పల్లె నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతోంది. పగలంతా స్టడీ హాల్లో కూర్చుంటుంది. కుర్చీ, బల్ల, ఫ్యాను కిరాయికిచ్చే గది అది. ఒకరోజు చలిజ్వరంతో వణుకుతూ నాకు ఫోన్ చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. నీళ్ళు తాగవా తల్లీ అని అడిగాను.

"నీళ్ళు తాగితే లేవాలె కద మేడం," అంది. "మా హాల్ల ఆడోళ్ళ బాత్రూమ్‌కు తాళమేస్తరు. తాళంచెవి కౌంటర్ల ఓనర్ దగ్గరుంటది. అందరి ముంగట పోయి అడగాలె. 'గిప్పుడే పోయినవ్ గదమ్మా, మళ్ళేంది?' అంటడు. పోరగాళ్ళు కిసుక్కున నవ్వుతరు. గందుకే పొద్దుగాల్నుంచి మాపటిదాక చుక్క తాగం."

నా పేపర్ మొత్తం ఆ మాటలోంచి పుట్టింది. ఏ హెడ్డు బుర్రలోంచీ కాదు. నేను హాస్టళ్ళు తిరిగాను. మహేశ్వరి నాకంటే ముందు గదుల్లోకి వెళ్ళి, "సిగ్గుపడకుండ్రే, మన మేడమే, ఎవరికీ చెప్పది" అని పిల్లల్ని ఒప్పించేది. పొద్దున్నే సీసాలు పోగుచేసుకుని, ఐసు డబ్బాలో పెట్టుకుని, ఆటోలో ఒళ్ళో పట్టుకుని ల్యాబుకి పరిగెత్తేదాన్ని. మా అత్తగారు రాజకుమారి గారు వాకిట్లో నిలబడి, "తెల్లారంగనే ఎవరి ఉచ్చనో డబ్బాల మోసుకపోతున్నవ్, బాపనోళ్ళు ఎదురొస్తే ఏమనుకుంటరు?" అనేది. టిఫిను చేసిపెట్టే వెళ్ళేదాన్ని లెండి, ఆ మాట ఆమె ఎవరికీ చెప్పదు. ల్యాబులో ఒక్కో పళ్ళెంలో క్రిములు మొలకెత్తడం చూస్తుంటే ఒళ్ళు మండేది. ఆ పిల్లల్లో చాలామందికి జబ్బుంది, ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. తాళం వెయ్యని హాళ్ళలో కూర్చునే పిల్లలకి అంత లేదు. ఇంతకంటే తేటగా ఏ శాస్త్రం చెప్తుంది?

పేపర్ రాయడం నాకెవరూ నేర్పలేదు. ఎవరెవరివో పేపర్లు తెరిచి, వాళ్ళు ఎట్లా మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, పట్టికలు ఎట్లా కట్టారు అని చూసి చూసి రాశాను. రాసింది మా ఇంట్లో అన్నం తినే బల్ల మీద, ఎవరూ తినని వేళల్లో. ఎవరికి ఆకలేసినా నా పరిశోధన లేచి కిటికీ గట్టు మీదికి పోవాలి. పేపర్లు అచ్చువేసే సైన్సు పత్రికవాళ్ళ నియమాలు మా అత్తగారి మడి కంటే ఎక్కువ. బొమ్మలు ఇంత స్పష్టంగా ఉండాలి, మాటలు ఇన్నే ఉండాలి, చదివిన పేపర్లన్నిటికీ వరసగా అంకెలు వెయ్యాలి. మధ్యలో ఒకటి తీసేస్తే కిందవన్నీ మారిపోతాయి. "కుక్కర్ ఎన్ని కూతలేసింది?" అని లోపలి నుంచి కేక వస్తే నా అంకె పోయేది, మళ్ళీ మొదటి నుంచి.

ఒక ఆదివారం గోంగూర తుంచుతూ ఆ అంకెలే సరిచూసుకుంటున్నాను. మా ఆయన విద్యాసాగర్ గారు క్రికెట్ చూస్తూ, తల తిప్పకుండానే, "అండ్ల నా పేరు గూడ పెట్టు" అన్నారు. ఆయన ఇంకో కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తారు, పర్మినెంటు.

"మీరేం చేశారని?"

"టేబుల్ చూసిన కద మొన్న."

చూశారు, కాదనను. ఓవరుకీ ఓవరుకీ మధ్య చూసి, "బానే ఉంది, పప్పుల ఉప్పు జర తక్కువైంది" అన్నారు. రెండూ ఒకే ఊపిరిలో.

"ప్రమోషన్‌కు పేపర్ కావాలె రాగిణీ. ఇంట్ల తయారైతుంటే నేను బయట ఎవన్ని పట్టుకుని తిరగాలె? నీదైతే ఏంది, నాదైతే ఏంది?"

అత్తగారు అందుకుంది. "మొగని పేరు పక్కన పెట్టుకుంటే నీకేం తక్కువైతది? శుభలేఖ మీద పెట్టుకోలే?"

నాకు కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. గోంగూర కాడలు ఏరి చెత్తబుట్టలో వేసి ఆయన పేరు పెట్టాను. రెండోది. మొదటిది నాది.

కాలేజీకి తీసుకెళ్తే జగన్నాథరావు గారు పేర్లు తప్ప ఇంకేమీ చదవలేదు. "మన డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ తెల్వదా అమ్మా? హెడ్డు పేరు ముందుండాలె. నేను వచ్చిన కొత్తల మా హెడ్డు పేరు నేనూ పెట్టిన. ఏం, చచ్చిపోయిన్నా?" అన్నారు. ఎవరు ఏ పని చేశారో చెప్పమని పత్రికవాళ్ళు ఒక పేజీ అడుగుతారు. ఆలోచన ఎవరిది, నమూనాలు తెచ్చిందెవరు, పరీక్షలు చేసిందెవరు, రాసిందెవరు అని. అన్నిటి ఎదురుగా నా పేరే రాశాను, అదే నిజం కాబట్టి. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "అన్నీ నువ్వే చేస్తే మేమేం గాడ్దులు కాసినమా?" అని గట్టిగా నవ్వారు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను, ఎండాకాలం దగ్గర పడింది మరి. హెడ్డు మొదట, పర్మినెంటు కాబట్టి మా ఆయన రెండు, అట్లా నేను మూడో పేరునయ్యాను. పోనీ, మూడోదైనా పేరే కదా, దాన్ని పట్టుకుని ఏ పర్మినెంటు పోస్టుకైనా అప్లికేషన్ పెట్టుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ ఒక్క ఆశ కోసం అన్నీ మింగాను.

ఇంకో సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో నాకు మెయిల్ చేసిచ్చింది మా ఆయనే. ఫోన్ నంబరు అడిగితే తనది ఇచ్చారు. నా మొగుడికి ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను. నా బ్యాంకుకీ, నా గ్యాసుకీ ఆయన నంబరే. ఆ మెయిల్‌తోనే పత్రికవాళ్ళ దగ్గర ఖాతా తెరిచాను. అందులో ఏం కదిలించాలన్నా ఓటీపీ ఆయన జేబులోకే వెళ్తుంది. మీలో చాలామంది ఇళ్ళలో ఇట్లాగే ఉంటుంది, చూసుకోండి. పేపర్ పంపాల్సిన రోజు నాకు ప్రాక్టికల్స్ వేశారు. వీళ్ళిద్దరూ హెడ్డు గదిలో కూర్చుని నా పాస్‌వర్డుతో, ఆయన ఓటీపీతో పంపేశారు. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, "పంపినం" అన్నారు. ఆ మాటలో నన్నూ కలిపే అన్నారనుకుని బొబ్బట్లు చేశాను.

నెలలు గడిచాక పత్రికవాళ్ళు పేపర్ తీసుకున్నారు. అచ్చు వేసే ముందు సరిచూసుకోమని ప్రూఫు పంపారు. స్టాఫ్‌రూములో తెరిచాను. రెండే పేర్లు. జగన్నాథరావు, విద్యాసాగర్. నేనెక్కడ? చివరి పేజీకి వెళ్తే చిన్న అక్షరాల్లో ఉన్నాను. ల్యాబులో సాయం చేసినందుకు శ్రీమతి రాగిణికి కృతజ్ఞతలు. దానికి పైన ముగింపు. స్టడీ హాళ్ళలో ఆడవాళ్ళ బాత్రూములకు తాళం వేసి చెవి మగవాళ్ళ చేతిలో పెట్టడం వల్లే ఈ జబ్బు వస్తోందని నేను రాసిన వాక్యం అక్కడ లేదు. దాని చోట ఇంకోటుంది. పల్లెల నుంచి వచ్చిన యువతులకు వ్యక్తిగత శుభ్రత మీద అవగాహన లేకపోవడమే ప్రధాన కారణం, వాళ్ళకు అవగాహన తరగతులు పెట్టాలి.

హెడ్డు గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"మొగడు పెండ్లాలు ఇద్దరి పేర్లుంటే చూసేటోళ్ళకు ఇంటి పేపర్ లెక్క కొడతది. ఒకరిది చాలనుకున్నం. ఆయనకు ప్రమోషనుంది, నీకేమున్నది?"

"ఈ వాక్యం ఎవరు రాశారు సార్?"

"ఓనర్లను అంటే రేపు వాళ్ళ అసోసియేషనోళ్ళు కాలేజీ మీదికొస్తరు. అవగాహన అని రాస్తే ఎవరికీ నొప్పి ఉండదమ్మా."

ఎవరికీ అంటే ఎవరెవరు సార్? అడిగాను. గొంతు పెరిగింది, తలుపు దగ్గర జనం మూగారు. అందుకే ఆయన తగ్గారు. "సరే, లొల్లి చెయ్యకు. నీది రెండోది పెడత, మీ ఆయనను మూడు చేస్త. ముగింపు మాత్రం గట్లనే ఉంటది. రేపు సాయంత్రానికి ప్రూఫు తిరిగి పోవాలె, పో." దాచుకోను, నాకు సంతోషమేసింది. ఫ్లైఓవరు కింద రోడ్డు దాటుతూ, ఆ పేర్ల వరసలో నా పేరు ఎట్లా కనబడుతుందో ఊహించుకుంటూ నడిచాను.

అశోక్‌నగర్ దోసె బండి దగ్గర మహేశ్వరి ఎదురైంది. ఇప్పుడు మేడం అనడం మానేసి అక్కా అంటోంది.

"అక్కా, మన పేపర్ వచ్చిందా? నాకొక ప్రింట్ ఇయ్యి. మా హాల్ల గోడకు అంటిస్త. సైన్సే చెప్పింది, తాళం తియ్యుమంట మా ఓనర్‌ను."

ఫోన్‌లో ఉన్న ముగింపు తెలుగులో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ పిల్ల దోసె ముక్క చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"గలీజోళ్ళమని రాసిండ్రా అక్కా మమ్మల్ని?"

నేను కాదమ్మా అన్నాను.

"మా ఓనర్ గూడ గదే అంటడు. 'మీకు శుభ్రంగ ఉండుడు రాదు, గందుకే తాళమేస్తున్న' అంటడు. ఇంక వాడే ప్రింట్ తీసి గోడకు అంటిస్తడు." నా ఫోన్ వైపు చూసి అడిగింది. "నీ పేరుంటదా దాంట్ల?"

ఉంటుంది అంటే ఒక సిగ్గు, ఉండదు అంటే ఒక సిగ్గు. ఆ పిల్ల పళ్ళెం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. పిలిచాను, తిరిగి చూడలేదు.

హెడ్డుకి ఫోన్ చేసి చెప్పాను, ఆ వాక్యం ఉంటే నా పేరొద్దని. "అయితే మంచిదే, కృతజ్ఞతలు గూడ తీసేస్తం. వచ్చే ఏడు కాంట్రాక్ట్ సంగతి గూడ చూసుకో" అన్నారు జగన్నాథరావు గారు. పత్రిక సంపాదకులకు రాశాను. తెల్లారి జవాబొచ్చింది. మా వివరాల ప్రకారం మీరు ఈ వ్యాస రచయితల్లో లేరు, వివాదాలుంటే మీ సంస్థలోనే తేల్చుకోవాలి. మా సంస్థలో అట్లాంటివి తేల్చే కమిటీకి అధ్యక్షులు జగన్నాథరావు గారే. ప్రూఫులో నా అంతట నేను దిద్దుదామంటే ఓటీపీ మా ఆయన ఫోన్‌కి పోయింది. ఇంట్లో మా ఆయన ఆ ఫోన్ నా ముందు ఊపుతూ, "నా ప్రమోషన్ ఫైల్ పైకి పోయింది. ఇప్పుడు పేపర్ ఆగితే నా పరువేంది? పెండ్లానివా, దుష్మన్‌వా?" అన్నారు. అత్తగారు అన్నం పెట్టమంది. పెట్టాను. ఇంతకంటే నేను చెయ్యగలిగింది ఇంకేముంది? గెలుస్తానని నాకేం భ్రమ లేదు. ఉద్యోగం పోతుంది, తెలుసు. మహేశ్వరి నాతో మళ్ళీ మాట్లాడదు, అదీ తెలుసు.

అందుకే ఇది కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను, మన చుట్టాల గ్రూపులోనూ పెడుతున్నాను. జగన్నాథరావు గారూ, విద్యాసాగర్ గారూ, మీ పేర్లు పెట్టుకోండి. పెద్దక్షరాల్లో పెట్టుకోండి, ఫోటోలు కూడా వేయించుకోండి. పేర్ల పంచాయితీ మనం తర్వాత తేల్చుకుందాం, నేనెక్కడికీ పోను. సాయంత్రం దాకా టైముంది. ఆ ప్రూఫు తెరవండి, ఆ వాక్యం కొట్టేయండి, తప్పు ఆడపిల్లలది కాదని రాయండి. ఇవాళే రాయండి.