కాలవ పూడ్చిన చోటు

“ఈ మబ్బు దిగితే లేవదు. మన తోట మునుగుద్ది, చూస్తా ఉండు,” అంది కోటేశ్వరి, పొయ్యి మీద పాలు పొంగేది కూడా చూసుకోకుండా. ఇంకా చినుకు పడనేలేదు.

కూతురు ఆశ్రిత కాలేజీ సంచి భుజాన తగిలించుకుంటూ నవ్వింది. “మబ్బు లేకపోతే ఎండుద్దని భయం, ఉంటే మునుగుద్దని భయం. ఆ దేవుడేం చెయ్యాలమ్మా?”

నిజమే. కోటేశ్వరి భయానికి కారణం అక్కర్లేదు. పిల్ల రెండుసార్లు తుమ్మితే టైఫాయిడ్ అంటుంది. మొగుడు గంట ఆలస్యమైతే లారీ గుద్దిందనుకుంటుంది. కానీ ఈసారి కారణం ఉంది. అది ఆమెకొక్కదానికే తెలుసు.

అద్దంకి రోడ్డు పక్కన వాళ్ళకున్నది ఎకరన్నర నల్లరేగడి, అందులోనే ఓ మూల ఇల్లు. చుట్టూ పత్తి, మిరప పండిన చేలన్నీ ఇప్పుడు వెంచర్లే. నిలువెత్తు గ్రావెల్ తోలి, హద్దురాళ్ళు పాతారు. మధ్యలో వీళ్ళ మిరపతోట పళ్ళెంలా కిందికి ఉండిపోయింది. పూర్వం వాననీళ్ళు గట్టు పక్క మురుగు కాలవలో పడి వాగుకి పోయేవి. ఆశ్రిత బడికి పోవాలంటే ఆ కాలవ మీద వేసిన తాటిమొద్దు దాటాలి. రోజూ పొద్దున కోటేశ్వరి ప్రాణం ఆ మొద్దు మీదే ఉండేది. కాలు జారితే? పాముంటే?

రెండున్నరేళ్ళ కిందట ఆమె మొగుడు వీరాంజనేయులు కాయలేసుకుని గుంటూరు యార్డుకి వెళ్ళిన రోజున వెంచర్ మనిషొకడు వచ్చాడు. మీరు సరేనంటే కాలవ పూడ్చి మీ గట్టు దాకా సిమెంటు రోడ్డు వేస్తాం, పాప కాలికి బురదంటకుండా పోతుందన్నాడు. అంతకుముందు మొగుడు వాళ్ళని రెండుసార్లు తరిమేశాడని ఆమెకి తెలుసు. అయినా పూడ్చండి అంది. తిరిగొచ్చి ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటే, నేను చూసేలోపే పూడ్చేశారని చెప్పింది.

తర్వాత రెండు వానాకాలాలు పలచగా గడిచిపోయాయి. ఆమె అబద్ధమూ అలాగే గడిచిపోయింది.

ఆ సాయంత్రం పట్టుకున్న వాన మూడు రోజులు వదల్లేదు. పూత మీదున్న మొక్కల మొదళ్ళు మునిగాయి. మిరప ఒకరోజు నీళ్ళలో ఉంటే ఓర్చుకుంటుంది, ఆపైన వేరు కుళ్ళుతుంది. వీరాంజనేయులు ఆయిలింజను తెచ్చి పెట్టాడు. తోడటానికి ఇంజనుంది గానీ పొయ్యటానికి చోటేదీ? వెంచర్‌కి కాపలా ఉండే బుడాన్‌ని బతిమాలితే, “పోసుకో అన్నా. ప్లాట్లు కొన్నోళ్ళెవరూ రాలేదు, నీళ్ళన్నా కాపురం ఉంటాయి,” అన్నాడు.

పోశారు. వెంచర్‌లో కట్టిన సిమెంటు కాలవలు చూడ్డానికే కాలవలు. ఏ వాగుకీ చేరకుండా చివరి ప్లాటు దగ్గరే ఆగిపోతాయి. మధ్యాహ్నానికల్లా పోసిన నీళ్ళన్నీ మళ్ళీ తోటలోకే దిగాయి.

నాలుగో రోజు ఎండ కాసింది. ఎండ తగిలేసరికి ఆకులన్నీ వేలాడిపోయాయి. వీరాంజనేయులు ఓ మొక్క పీకి చూశాడు. వేరు మీది తొక్క చేతికి ఊడొచ్చింది. ఇంజను ఆపేసి గట్టు మీద కూలబడ్డాడు.

కోటేశ్వరి వెళ్ళి పక్కన కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె భయపడనిది లేదు. ఈ మాటకి భయపడినంత మాత్రం దేనికీ భయపడలేదు.

“కాలవ పూడ్చమంది నేనేనయ్యా. పిల్ల పడిపోద్దేమోనని.”

ఆయన తోటలో నిలిచిన నీళ్ళవంక చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి. కాలేజీ నుంచి వచ్చిన ఆశ్రిత ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పోయింది. పొద్దు వాలింది. బుడాన్ గొడుగు మడిచి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన ఇంకా ఆ నీళ్ళవంకే చూస్తున్నాడు.

“పూడ్చిన వారంలోనే నాకు తెలిసింది,” అన్నాడు చివరికి. “వెంచరోళ్ళ మీదికి పోట్లాటకి పోతే వాళ్ళే చెప్పారు. మళ్ళీ తవ్విద్దామనే అనుకున్నా. పిల్ల ఆ రోడ్డు మీద భయం లేకుండా నడిచొస్తా ఉంటే చూసి... నేనూ ఊరుకున్నా.”