గట్టి రొట్టె

పెనం మీద రొట్టెకు తెల్లమచ్చలు పడ్డాయో లేదో, ఇంకా ఎర్రబడకముందే నాంచారమ్మ దాన్ని తీసి పళ్ళెంలో వేసింది. నిజానికి అప్పుడే తిప్పి, అంచులు గుడ్డతో ఒత్తి, కాసేపు మంటకు చూపిస్తే గానీ జొన్నరొట్టె రొట్టె అనిపించుకోదు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. పదేళ్ళప్పుడు బూర్గంపాడులో తల్లి పక్కన కూచుని నేర్చుకున్న పని అది. కానీ ముందుగదిలోంచి మంగయ్య రోజూ అనే మాట ఆ రోజూ వచ్చింది.

"కాలకముందే తియ్యి. గట్టిగైతే నాకు నమలరాదు."

ఆరేళ్ళుగా వస్తున్న మాటే. ఆ పచ్చిపచ్చి రొట్టెను ముక్కలు చేసి, ఉప్పు వేసీ వేయనట్టున్న పప్పులో నానేసి ఆయనకు పెడుతుంది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక అదే రొట్టెను అదే పప్పులో నానేసుకుని తనూ తింటుంది. సరే, ఆయనకు పళ్ళు లేవు, నానేసుకున్నాడు. ఈవిడకేం రోగం? అరవై రెండేళ్ళొచ్చినా నోట్లో ఒక్క పన్ను కదల్లేదు. షుగరు లేదు, బీపీ లేదు. అయినా కారం లేదు, తీపి లేదు, కరకరలాడేది ఏదీ లేదు. ఆయన రోగాలన్నిటినీ పూటకింత చొప్పున ఈవిడ తింటోంది.

మంగయ్య బొగ్గుబాయిలో సర్దారుగా, అంటే కూలీల మీద పెద్దగా చేసి, రిటైరయ్యాక భార్యను తీసుకుని సొంతూరు ములకలపల్లి వచ్చి రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. వచ్చిన ఏడాదే షుగరు, బీపీ రెండూ బయటపడ్డాయి. గుట్కాకు అప్పటికే పళ్ళన్నీ పోయి పళ్ళసెట్టు కట్టించుకుని ఉన్నాడు. ఆ సెట్టు ఇంట్లో పెట్టుకోడు, చిగుళ్ళు ఒరుసుకుపోతాయంటాడు. పొద్దున వాకింగుకు పోయేటప్పుడు మాత్రం పెట్టుకుంటాడు. నలుగురిలోకి పోయే మనిషి, బోసినోటితో ఏం పోతాడులే అనుకునేది నాంచారమ్మ. ఆయన పాలు తీసుకుని తిరిగొచ్చి సెట్టు గిన్నెలో పడేస్తే, బ్రష్షుతో తోమి నీళ్ళలో వేసి పెట్టేది కూడా ఆమే.

మొదట్లో రెండు వంటలు చేసింది. ఆయనకు చప్పిడి కూర, తనకు ఓ పక్కన ఇంత ఎల్లిపాయ కారం. నెల తిరక్కుండానే ఆయన అన్నాడు.

"ఇద్దరమే ఉంటిమి, రెండు వంటలేందే? నువ్వు నా ముంగట కారం తింటుంటె నాకు నోరూరుతది. మనసు ఆగది."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయింది. ఆమెకు జాలేసింది. చెప్పొద్దూ, కొంచెం సంతోషం కూడా వేసింది. నలభై ఏళ్ళలో ఆయన తన ముందు బేలగా మాట్లాడడం అదే మొదలు. ఆ పూటే ఎల్లిపాయ కారం సీసా ఎత్తి అటక మీద పెట్టేసింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడిగినా అడగకపోయినా మానేసేది మాత్రం పెళ్ళామే.

అసలు ఆమెకు గట్టి రొట్టె మీద ఇష్టం ఎట్లా వచ్చిందో అదొక కథ. కొత్తకోడలుగా బాయి క్వార్టరుకు వచ్చినప్పుడు ఇంట్లో ఏడుగురు. బొగ్గుల పొయ్యి మీద ఇరవై రొట్టెలు తడితే, చివరికొచ్చేసరికి పెనం వేడెక్కి ఒకటో రెండో మాడేవి. అత్త వాటిని తీసి పక్కన పెట్టేది. "కోడలిపిల్ల పళ్ళు గట్టివి, మాడినయి దానికెయ్యి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది. అట్లా పదేళ్ళు, పదిహేనేళ్ళు మాడిన రొట్టె తినీ తినీ, నల్లబడిన ఆ అంచులో ఒక రకమైన తీపి ఉందని కనిపెట్టింది. ఆఖరికి తనకు తనే ఒక రొట్టెను కావాలని మాడ్చుకుని, కారం రాసుకుని, పొయ్యి దగ్గరే కూచుని తినేది. వాళ్ళు వద్దని పడేసిందే తన ఇష్టమైంది. ఇప్పుడు అదీ లేదు.

పోయినేడు ఒకనాడు పళ్ళసెట్టు తోముతుంటే పన్నుకూ గులాబిరంగు చిగురుకూ మధ్య ఒక మిరపగింజ కనిపించింది. నాంచారమ్మ దాన్ని వేలి మీద పెట్టుకుని చూసింది. తను పప్పులో రెండంటే రెండు పచ్చిమిరపకాయలు చీరి వేస్తోంది, అదే అయ్యుంటుంది, ఆయన నోరు మండినా చెప్పలేదేమో అనుకుంది. ఆ రోజు నుంచి ఆ రెండు కాయలూ మానేసింది. ఎందుకు మానేశావని ఆయన ఒక్క మాటా అడగలేదు.

అట్లాంటి ఇంట్లో షుగరు ఎట్లా పెరుగుతుంది? పెరిగింది. మంగయ్య కుడికాలి బొటనవేలు కింద చిన్న పొక్కు లేచి, పది రోజులైనా మానక పుండైంది. ఆ రోజు ఆ పచ్చి రొట్టె తినేసి ఇద్దరూ కొత్తగూడెం బస్సెక్కి ప్రైవేటు దవాఖానాకు పోయారు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి ఆయన్నేమీ అనలేదు. తలెత్తి ఈమెను చూశాడు.

"ఏమ్మా, ఏం పెడుతున్నావు ఈయనకు? మూడు నెలల షుగరు పది దాటింది. కాలు తీసేయించాలనుందా?"

"ఏం పెడ్తలేను సారూ. ఉప్పు గూడ..." అని ఆగిపోయింది. మంగయ్య వైపు చూసింది, ఆయన ఒక్క మాట సాయం వస్తాడని. ఆయన పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. తిరుగు బస్సులో మాత్రం "పోనీ తియ్యి, డాక్టర్లు గట్లనే అంటరు" అని ఈమెనే ఓదార్చాడు.

ఆ సాయంత్రం కూతురు శోభారాణి పెనుబల్లి నుంచి ఫోను చేసింది. అక్కడ స్కూల్లో టీచరు. తండ్రంటే ప్రాణం.

"అమ్మా, నాయిన పానం నీ చేతులల్లనే ఉందే. ఏదన్న ఇంత తీపి, ఇంత నూనె, జాలిపడి పెడ్తున్నవా? నిజం చెప్పు. కాలు పోతె ఏం జేస్తం?"

"పెడ్తలేను బిడ్డా."

"మరెట్ల పెరుగుతది?"

ఫోను పెట్టేశాక నాంచారమ్మ వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఉప్పుడబ్బాలో చెంచా చిన్నదే. నూనె నెలకు సరిపోయేంతే. డబ్బా మూలన దాచిన పిడికెడు బెల్లం, ఎవరైనా వస్తే చాయ్‌లోకని ఉంచింది, అది కూడా తీసి పక్కింటి ఆవుకు పెట్టింది. నలభై ఏళ్ళు వండిన చెయ్యి, ఇప్పుడు దాన్నే నమ్మబుద్ధి కాలేదు. తన చేతిలోనే ఏదో దోషముందని, దానివల్ల ఆ మనిషి కాలు పోతుందని భయపడింది. నిజంగా భయపడింది.

మర్నాడు పొద్దున కాలు కింద పెట్టొద్దన్నారు గనుక పాలకు నాంచారమ్మే బయలుదేరింది. తను అల్లిన నీలం వైరుబుట్ట, రోజూ మంగయ్య పట్టుకుపోయేదే, చేతికి తగిలించుకుంది. పాలకొట్టు బస్టాపు దగ్గర. దాని పక్కన రెండేళ్ళ కింద ఎవరో టిఫిన్ బండి పెట్టారని విన్నది గానీ ఈమె ఎప్పుడూ అటు పోలేదు. సంత ఇంకో వైపు, గుడి ఇంకో వైపు, ఆమె దారులవి. పాలు తీసుకుని తిరిగిందో లేదో బండి దగ్గరి మనిషి పిలిచింది.

"అమ్మా, గా బుట్ట సర్దారుది గద? నువ్వు సర్దారు భార్యవా? నేను పుల్లమ్మను. రెండు రోజులాయె ఆయన రాక. మంచిగున్నడా?"

"కాలుకు పుండైంది. కట్టు కట్టిన్రు."

"అయ్యో, ఎంత కష్టమొచ్చె. నీకు పానం బాగలేకపాయె, ఆయనకు కాలు గట్లాయె. ఇప్పుడు నిన్నెవరు చూస్తరమ్మా?"

నాంచారమ్మకు అర్థం కాలేదు. పుల్లమ్మ నూనెలోంచి బజ్జీలు తీస్తూనే చెప్పుకుపోయింది.

"నీకు షుగరు, బీపీ, అన్ని ఉన్నయట గద. పళ్ళు గూడ పోయినయట. ఇంట్ల ఉప్పు కారం లేకుండ వండుకుంటరని సర్దారు చెప్పి ఎంత బాధపడ్తడో. 'ఆమె ముంగట కారం తింటె ఆమెకు నోరూరుతది పుల్లమ్మా, మనసు ఆగది, అందుకే ఈడ రెండు బజ్జీలు, ఓ పూరీ తిని పోత' అంటడు. గసొంటి మొగోడు ఎంతమందికి దొరుకుతడమ్మా. మా ఆయనైతే నేను జ్వరంతోటి పడుంటె గూడ నా మంచం కాడనే కూసోని తింటడు."

ఏదో అనబోయి నాంచారమ్మ నోరు తెరిచింది. పుల్లమ్మ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

"అగో, నీకు పళ్ళున్నయే?"

"ఉన్నయి" అంది నాంచారమ్మ. నాకు ఏ రోగమూ లేదు, ఉన్నది ఆయనకే అని చెప్పడానికి ఎంత సేపు? కానీ ఆ మాట నాలుక దాకా వచ్చి సిగ్గుతో వెనక్కి పోయింది. అబద్ధమాడింది ఆయన, సిగ్గు మాత్రం ఈమెది. పుల్లమ్మ నాలుగు బజ్జీలు పేపర్లో చుట్టి బుట్టలో పెట్టింది. డబ్బులియ్యబోతే వద్దంది.

ఇంటిదారి పట్టాక కాళ్ళు నడుస్తున్నాయి గానీ మనసు బండి దగ్గరే ఉంది. తిన్నాడు, సరే తిన్నాడు. నాలుక చంపుకోవడం ఎంత కష్టమో తనకంటే ఎవరికి తెలుసు? "ఉండబట్టలేకపోతున్ననే" అని ఒక్కమాట తనతో అని ఉంటే ఆదివారానికి ఒక బజ్జీ తనే వేసిపెట్టేది. అది కాదు మండింది. ఆయన రోగాన్ని తీసుకెళ్ళి తన మీద పెట్టాడు. తను ఆయన కోసం చేసిన త్యాగాన్ని ఆయన భార్య కోసం చేస్తున్నట్టు ఊరికి చెప్పాడు. మాట కూడా మార్చలేదు, తనతో అన్న మాటే, "నోరూరుతది, మనసు ఆగది" అన్న అదే మాట. ఆ మాటకు తను ఎల్లిపాయ కారం సీసా అటకెక్కించింది. ఆ మాటకే పుల్లమ్మ ఆయన్ను మెచ్చుకుంది. డాక్టరు అరుస్తుంటే ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను వంక! ఇక ఆ మిరపగింజ, ఇంట్లో సెట్టే పెట్టుకోని మనిషికి అది ఎక్కడిదని కూడా అప్పుడు తోచలేదు. దానికోసం తను రెండు పచ్చిమిరపకాయలు కూడా మానుకుంది. అది గుర్తొచ్చి నడిరోడ్డు మీద నాంచారమ్మ నవ్వింది. ఆ నవ్వు వెంటే ఏడుపు వచ్చింది, కొంగుతో అద్దుకుంది.

"గింత సేపేంది? చాయ్ జల్దీ పెట్టు" అన్నాడు మంగయ్య, కాలు స్టూలు మీద చాపుకుని. ఆమె బజ్జీల పొట్లం తీసి ఆయన పక్కన పెట్టింది. నూనె మరకల పేపరు చూసి ఆయన ముఖంలో రంగు మారింది.

"పుల్లమ్మ ఇచ్చింది. మంచిగున్నవా అని అడిగింది" అని లోపలికి పోయింది.

నీళ్ళు మరగబెట్టి పిండిలో పోసి కలిపింది. మొదటి రొట్టె ఆయనది, మెత్తగా, తెల్లగా, ఎప్పటిలాగే. అది పప్పులో నానేసి పక్కన పెట్టింది. తర్వాత పీటేసుకుని అటక మీద సీసా దించింది. కారం ముక్కిపోయి ఉంది, పారబోసింది. పది ఎండుమిరపకాయలు, గుప్పెడు ఎల్లిపాయలు, కల్లుప్పు రోట్లో వేసి కొత్తగా దంచింది. రెండో రొట్టె పల్చగా తట్టి పెనం మీద వేసింది. తిప్పింది, ఒత్తింది, మంటకు చూపించింది. అంచు నల్లబడింది.

"ఏందే ఆ వాసన? మాడుతాంది, తియ్యి" అన్నాడు ముందుగదిలోంచి.

"మాడనియ్యి."

రెండు పళ్ళేలూ తెచ్చింది. ఒకటి ఆయన ఒళ్ళో పెట్టి, రెండోది పట్టుకుని ఆయన ఎదురుగా పీట మీద కూచుంది. ఆయనకు ఎదురుగా, ఆయన తినే వేళకే తను తినడం సీసా అటకెక్కాక అదే మొదటిసారి. రొట్టె విరిస్తే ఫట్‌మంది. కారం అద్ది నోట్లో పెట్టుకుంది.

భగ్గుమంది. నాలుక, అంగిలి, చెవులు, అన్నీ మండిపోయాయి. ఒకప్పుడు చల్లన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్న నోరు అది. ఇంత కారానికి ఆగలేకపోయింది. తను మూతపెట్టి దాచుకున్న ఇష్టం ఎప్పుడు మూత తీసినా అట్లాగే ఉంటుందనుకుంది. లేదు. ఆరేళ్ళలో ఆమె నాలుక కూడా ఆయనదైపోయింది. ఇందాక బస్టాపులో కూడా ఇంత దుఃఖం రాలేదు. కళ్ళలోంచి ధారగా కారుతుంటే తుడుచుకోలేదు, మింగింది.

"వద్దే" అన్నాడు మంగయ్య, తలెత్తకుండానే, మెల్లగా. "నీకు పడదు. అలవాటు తప్పింది."

ఆ మాటలో నిజంగానే ప్రేముంది. అందుకే ఆమెకు జవాబు చెప్పాలనిపించలేదు.

ఫోను మోగింది. శోభారాణి. స్కూలుకు పోయేముందు రోజూ చేస్తుంది.

"అమ్మా, నాయినకు ఇయ్యాల ఏం పెట్టినవే?"

నాంచారమ్మ పళ్ళెం కింద పెట్టింది.

"నాయినకేం పెట్టిన్నో రోజూ అడుగుతవు. నేనేం తిన్ననో ఒక్కనాడన్న అడిగినవా బిడ్డా?"

కొత్త ప్రశ్న అడిగేవాళ్ళ గొంతుతో, "నువ్వేం తింటున్నవమ్మా?" అంది శోభారాణి.

"గట్టి రొట్టె. ఎల్లిపాయ కారం." అని ఆగింది. "కారం ఎక్కువైంది. మళ్ళ అలవాటు చేసుకోవాలె. ఇగ నాయినేం తింటున్నడో నన్నడగకు, ఆయననే అడుగు. చెప్తడు."

మంగయ్య చెయ్యి పప్పులోనే ఉంది. ఆ ఎంగిలి చేతికే ఫోను అందించి, ఈసారి కారం కొంచెమే అద్దుకుని, నాంచారమ్మ రెండో ముక్క విరిచింది.