నా గ్లాసు నేను నింపుకోను

ముప్పై ఒక్క ఏళ్లుగా మా ఇంట్లో గరిటె నా చేతిలోనే ఉంది. రామచంద్రపురంలో మా వ్యవసాయ యంత్రాల షాపుకి ఎవరొచ్చినా భోజనానికి మా ఇంటికే వస్తారు. చాలు చాలంటూ చెయ్యి అడ్డం పెట్టేవాళ్లకి వేళ్ల సందుల్లోంచైనా వడ్డించే రకాన్ని నేను. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెల అడుగున మిగిలింది తింటాను. అందుకే వరి నాట్లు వేసే యంత్రాలు బాగా అమ్మారని కంపెనీవాళ్లు మా ఆయన హరిబాబు గారినీ నన్నూ జపాన్ తీసుకెళ్తామన్నప్పుడు, నేను పెద్దగా ఏమీ కోరుకోలేదు. ఒక్క పూట నేను కూర్చోవాలి, ఎవరైనా నాకు వడ్డించాలి. అంతే!

మొదటి మూడు రోజులూ హోటల్లో బఫేలే. ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి ఎవరిది వాళ్లే వడ్డించుకోవాలట. నా ఖర్మ, అక్కడ కూడా మా ఆయన ప్లేటు నేనే సర్దాను.

నాలుగో రోజు సాయంత్రం, కంపెనీలో ట్రాన్స్‌లేటర్‌గా పనిచేసే సుప్రియ మమ్మల్ని ఒసాకాలో ఒక ఇజకాయాకి తీసుకెళ్లింది. తణుకు పిల్ల. ఇజకాయా అంటే, పని దిగినవాళ్లు చేరి, ఏదో ఒకటి తాగుతూ, కాస్త కాస్త తింటూ కబుర్లాడుకునే చిన్న హోటలు. గుమ్మానికి నీలం గుడ్డ, బయట ఎర్ర కాగితం లాంతరు, లోపల పది కుర్చీలు. బల్లకి అవతల తలకి తువ్వాలు చుట్టుకున్న డెబ్బై ఏళ్ల ముసలావిడ పుల్లలకి గుచ్చిన కోడి ముక్కలు బొగ్గుల మీద కాలుస్తోంది. మేం కూర్చున్నామో లేదో, ఆర్డరైనా ఇవ్వకుండానే తలో చిన్న గిన్నె ముందు పెట్టింది. మగ్గిన వంకాయ ముక్కలు.

"అడక్కుండానే పెట్టింది! ఈవిడ మన గోదారి మనిషేనే అమ్మాయ్" అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయనకి బీరు సీసా, నాకు కూజాలో చల్లటి బార్లీ టీ వచ్చాయి. అలవాటుగా కూజా అందుకోబోతే సుప్రియ ఆపింది.

"ఆంటీ, ఇక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరండి. పక్కవాళ్లే చూసుకుని పొయ్యాలి. మీరు అంకుల్ గారికి పొయ్యండి, ఆయన మీకు పోస్తారు."

నాకెంత ఆనందం వేసిందో! ఈ ఆచారమేదో నాకోసమే పెట్టినట్టుంది. ఆయన గ్లాసులో బీరు పోసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన చూస్తేగా! పక్కన టై కట్టుకున్నాయనకి బీరు పోశారు. సుప్రియని మధ్యలో పెట్టుకుని ఆయనకి నారుమడి దగ్గర్నుంచి, బురదలో యంత్రం దిగబడిపోవడం దాకా చెప్పుకొస్తున్నారు. కోడి ముక్కలు వచ్చాయి, కాల్చిన చేప వచ్చింది, నా గ్లాసు మాత్రం వట్టిదే. సుప్రియ కూజా మీద చెయ్యి వేయబోతే కళ్లతోనే వద్దన్నాను. గొంతు పిడచగట్టుకుపోతున్నా సరే, చస్తే ముట్టుకోను. ఆయనే పొయ్యాలి. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

కాసేపటికి ఆయన బీరు అయిపోయింది. తనే సీసా అందుకున్నారు. ముసలావిడ చటుక్కున ఆ సీసా లాగేసుకుని, చేతిలోని పుల్లతో నా గ్లాసు వైపు చూపించింది. మా ఆయన తెల్లమొహం వేశారు.

"అయ్యో, ఖాళీగా ఉందేంటి? చెప్పొచ్చుగా సూర్యకళా!"

"చెప్పి పోయించుకోవాలా? ఇన్నేళ్లలో ఒక్క రోజు, ఒక్క గరిటెడు పప్పైనా నాకు వడ్డించారా మీరు?"

ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆయన కూజా దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత మెల్లిగా అన్నారు. "నువ్వు గరిటె ఇస్తేగా? పెళ్లైన కొత్తలో నీకు చారు పొయ్యబోతే ఏమన్నావ్? 'ఒలకబోస్తారు, లెగండి' అని లాక్కున్నావ్. గిన్నె మీద చెయ్యేసినప్పుడల్లా అదే మాట. ఇంక నేనూ మానేశాను. మానకుండా ఉండాల్సింది."

 నిజమే మరి, లాక్కున్నాను.

ఆయన రెండు చేతులతో కూజా ఎత్తి వంచారు. బల్ల మీద ఒలికింది, నా చీర మీదా ఒలికింది. నా కుడి చెయ్యి దానంతటదే కూజా కోసం లేచింది! ఎడం చేత్తో పట్టుకుని దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. గ్లాసు అంచు దాకా నిండింది. గడగడా తాగేశాను.

చివర్లో మట్టికుండలో చేప ముక్కలు కలిపిన వేడి వేడి అన్నం వచ్చింది. చెక్క గరిటె ఈసారి ఆయనే ముందు అందుకున్నారు. నా గిన్నెలో ఒక గరిటె వేశారు. మెతుకులు కొన్ని బల్ల మీద పడ్డాయి, నేను చూడనట్టే ఊరుకున్నాను. రెండోది ఎత్తగానే, మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నోటా విన్న మాట, నాకు ఎన్నడూ అనే అవకాశం రాని మాట గుర్తొచ్చింది. గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టి, మొహమాటంగా నవ్వి, "చాలు చాలండీ" అన్నాను.

ఆయన బుద్ధిగా గరిటె తిరిగి కుండలో పెట్టేశారు.

"అదేంటండీ!" అని నేను వేసిన కేకకి టై ఆయన ఉలిక్కిపడ్డాడు. "చాలంటే ఆపేస్తారేంటి? వెయ్యండి!"