అంతకుముందరి కమిట్

ఆషాఢమేఘమాలికాచ్ఛాదితమై మిట్టమధ్యాహ్నమే మసకసంజను దలపించుచు సాగరఘోషమున వర్షధారాఘోషమును గలుపుకొని విశాఖపట్టణమంతయు నీటిముద్దయై యుండ రుషికొండమీది యొకానొక సాఫ్టువేరు కార్యాలయమున కిటికీలులేని గదిలో కొందఱు గోడమీది తెరకెదురుగా కూర్చుండిరి.

వారు నిర్మించిన రక్తనిధి యాప్ గడువు తీఱిన నెత్తురు సంచులను మంచివని చూపెను. ఒక నర్సమ్మ కంటబడి ప్రాణాపాయము తప్పెను గాని కంపెనీ పరువు గంగలో గలిసెను. ఎవరెప్పుడేమి మార్చిరో ఒక్కొక్క మార్పును కమిట్ అను పేర పొల్లుపోక దాచు వెర్షన్ కంట్రోలు నడుగగా గడువు పరీక్షను ఆపివేసిన పంక్తిని కడపట ముట్టినది వకుళ యని చెప్పెను. ఉద్యోగమునకు కొత్తదైన యా బొబ్బిలి పిల్లను నేడే యింటికి బంపుదునని మేనేజరు భుజంగరావు పండ్లు కొఱికెను.

“నేనేటీ ఆపలేదు సార్! వంకరగా ఉన్న లైన్లు సర్దేనంతే. దానికి ముందు కమిట్ ఓపాలి చూడండి,” అని వకుళ కన్నీళ్లు తుడుచుకొనెను.

“అదీ చూసేస్తే పోలా! కోదండపాణి గారూ, మీరే తియ్యండి. మీరు తేల్చేక ఇంకెవడూ నోరెత్తడు,” అనెను భుజంగరావు.

కోదండపాణి యన ఆ కార్యాలయమున తప్పెఱుగని పెద్ద. కొత్తవారి పొరపాటులను గోడమీది తెరపై చూపి నలుగురిని నవ్వించుట యతని సరదా. ఆ సరదాతోనే తన కంప్యూటరును తెరకు దగిలించి అంతకుముందరి కమిట్‌ను చూపు కమాండు సగము గొట్టెను. అంతలో జ్ఞప్తికి వచ్చెను. అయ్యయ్యో! బావమఱది పెండ్లికి రైలు తప్పునను తొందరలో పని ముందుకు సాగనీయని యా గడువు పరీక్షను ఆపివేసినది తానే!

ముందు నుయ్యి వెనుక గొయ్యి. సగము గొట్టిన కమాండు అందఱి కన్నుల యెదుట నుండెను. తీగ పీకుదమా? నెట్టు పోయినదందుమా? తలుపున కానుకొని భుజంగరావు నిలిచియుండెను.

“ఎంటర్ కొట్టండి సార్. మీరు చూస్తే తేలిపోద్ది,” అనెను వకుళ. ఆ పిల్లకు దనపై గల నమ్మకమే యతని మెడకు ఉరియైనది.

కొట్టెను. తెరపై నతని పేరును మూడేండ్ల క్రిందటి తేదీయు దాని క్రింద నతడే వ్రాసిన వివరణమును వెలసెను: ‘తాత్కాలికం. రేపు సరిచేస్తాను.’

ఎవ్వరును నవ్వలేదు. కోదండపాణి లేచి నిలుచుండి వకుళవంక తిరిగెను.

“నేనేనమ్మా,” అనెను.

రేపు సరిచేయుదునన్న యా రేపు మూడేండ్లకు నప్పుడు తెల్లవాఱెను.